చెట్ల పనికి ఏ బండి తీసుకోవాలి: ఏసా, పెద్ద పికప్పా?

పచ్చమట్ట అడిగినది:

నమస్కారం అండి. నలుగురం కలిసి చెట్ల పని పెట్టుకుంటున్నాం, బండి దగ్గర ఆగిపోయాం. కొబ్బరి చెట్లెక్కి మొవ్వు శుభ్రం చేయడం, ఎండు మట్టలు తీసేయడం, ఇంటి కప్పు మీదకి వాలిన మామిడి, బాదం, నిద్రగన్నేరు కొమ్మలు కోసి తాడుతో దించడం, పడిపోయిన చెట్లు ముక్కలు చేసి ఎత్తేయడం, ఇవీ పనులు. దింపు మా పని కాదు, కాయల జోలికి వెళ్ళం.

సామాను: 18 అంగుళాల బారు ఉన్న చైన్ రంపం ఒకటి, చెట్టు మీద వాడే చిన్నది ఒకటి, పోల్ రంపం, 20 అడుగులు సాగే అల్యూమినియం నిచ్చెన, తాళ్ళు, పుల్లీలు, కత్తులు, పెట్రోలు డబ్బాలు. అన్నీ కలిపి 120 కిలోలు తూగాయి.

తిరిగేది ముమ్మిడివరం, అమలాపురం, పి.గన్నవరం. అప్పుడప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు. 216 హైవే దిగాక సగం దారి కాలవ గట్లూ, పుంతలే. టాటా ఏస్ సరిపోతుందా, లేక ఇంట్రా, దోస్త్, బొలెరో పికప్ లాంటిది కావాలా? కొత్తదా, సెకండ్ హ్యాండా? హైడ్రాలిక్ టిప్పరు పెట్టించుకోవడం దండగేనా?

కమానుకట్ట:

బండి పేరు తర్వాత చూద్దాం అండి. కోసిన చెత్త ఎవరు ఉంచుకుంటారో అది ముందు తేల్చుకోండి. కొబ్బరి తోటలో పనైతే మట్టలు రైతు వదులుకోడు. చెట్టు మొదట్లో పరుస్తాడు, పొయ్యిలోకి ఉంచుకుంటాడు, ఈనెలు చీపుళ్ళకి పోతాయి. అక్కడ మీ బండి మోసేది మిమ్మల్నీ, సామానునే. అదే అమలాపురంలో ఇంటి కాంపౌండు పని అయితే ఆకు కూడా మిగల్చకుండా ఊడ్చుకుపోవాలి. పది పనుల్లో టౌనువి ఎన్ని ఉంటాయో వేళ్ళ మీద లెక్కేస్తే సగం జవాబు వచ్చేసినట్టే.

మిగతా సగం తూకం. పచ్చి కొబ్బరి కాండం ఘనమీటరుకి 900 కిలోలు అనుకుందాం. అడుగు మందం ఉన్న మీటరు ముక్క 63 కిలోల పైన తూగుద్ది. పైకి పోయేకొద్దీ కాండం సన్నబడుతుంది, బరువూ తగ్గుతుంది, అయినా మొదలు భాగం లెక్కతోనే పోండి. నిద్రగన్నేరు మొండెం ఒకటిన్నర అడుగుల మందం ఉందంటే అదే మీటరు ముక్క 140 దాటుతుంది. మందం ఒకటిన్నర రెట్లయితే బరువు రెండుంపావు రెట్లు. చూపుకి కాస్తే లావుగా ఉంది కదా అని ఇక్కడే అందరూ మోసపోతారు.

ఇప్పుడు ఏస్ తీసుకోండి. పేలోడ్, అంటే బండి మోయగల బరువు, సుమారు 750 కిలోలు. అందులో ఇద్దరు మనుషులు 130, సామాను 120, పక్కలకి జాలీ కట్టిస్తే 80. అంటే 330 పోయింది, మిగిలింది 420. మొదలు ముక్కలు ఆరు వేస్తే సరి, ఏడోది ఎక్కువ. ట్రే 7 అడుగుల పొడవు, నాలుగుముప్పావు వెడల్పు, పక్క పలక అడుగు ఎత్తు. పలక అంచుకి సమానంగా దుంగలు పేర్చితే, మధ్యలో సందులు తీసేసినా, 500 కిలోల పైనే ఉంటుంది. పైన అంతా ఖాళీగా కనిపిస్తుంది, బండి మాత్రం అప్పటికే ఓవర్‌లోడు.

కొమ్మలైతే సంగతి వేరు. ఆకుతో సహా వదులుగా వేసిన కొమ్మ ఘనమీటరుకి 100 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అదే ట్రేకి నాలుగడుగుల ఎత్తు జాలీ కట్టి నిండా తొక్కితే 375, 400. అంటే కొమ్మలతో ఏస్ నిండేసరికి బరువూ సరిగ్గా సరిపోతుంది, దుంగలతో నిండకముందే కూర్చుంటుంది. రెండూ కలిపి వేసే రోజు అడుగున దుంగలు ఒక్క వరసే, అవీ క్యాబిన్ వైపే. వెనక ఇరుసు దాటి బరువు పడితే ముందు చక్రాలు తేలి స్టీరింగు తేలికైపోద్ది. గట్టు మీద మలుపులో అది చాలా చెడ్డ పని చేస్తుంది.

1300 కిలోల తరగతిలో, అంటే ఇంట్రా వీ30, ఆ సైజు బొలెరో పికప్ లాంటివాటిలో, మనుషులూ సామానూ జాలీ పోను 900 మిగులుతాయి. ట్రే కూడా ఎనిమిదిన్నర అడుగుల పైన. నలభై అడుగుల కొబ్బరి చెట్టు ఒక్క ట్రిప్పులో వెళ్ళిపోతుంది. టౌను పని ఎక్కువుంటే నా ఓటు దీనికే. 1.7 టన్నులది మాత్రం మీకు అక్కర్లేదు.

ఏటిగట్టు:

పైన చెప్పిన లెక్క తప్పు కాదు గానీ, పుంతలో తిప్పాల్సింది లెక్కని కాదు కదండి, బండిని. ఏస్ వెడల్పు మీటరున్నర, 4.3 మీటర్ల వ్యాసార్థంలో తిరిగిపోతుంది. పెద్ద పికప్ 1.7 మీటర్ల వెడల్పు, తిరగడానికి ఐదు మీటర్ల పైన కావాలి. పంట బోదె మీద ఇంటికో పలక వేసుకున్న వీధుల్లో ఈ తేడాయే మిమ్మల్ని గుమ్మం దాకా చేర్చేది, లేదా వంద గజాల దూరంలో ఆపేసేది. ఆ పలకలు ఎంత మోస్తాయో వేసిన మేస్త్రికి కూడా తెలీదు. లోడుతో ఉన్న పికప్‌ని వాటి మీద రివర్సు చేయడం మంచిది కాదు. ఖాళీగా లోపలికి వెళ్ళి లోడుతో బయటికి రావాలి కాబట్టి, పలక చూసేది వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పటి బరువు తలచుకుని.

అయితే ఏస్‌కి 12 అంగుళాల చక్రాలు. వాన పడ్డ ఒండ్రు నేలలో గాడి పడితే అడుగు తగిలి కూర్చుంటుంది. పెద్ద పికప్ ఏదో ఈదేస్తుందని కాదు. వెనక చక్రాలు లాగే ఏ పికప్ అయినా ఖాళీగా ఉంటే బరువంతా ముందే ఉంటుంది, వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకని తోటలోకి దిగకండి. గట్టి రోడ్డు మీద ఆపి, ముక్కలు రెండు చక్రాల తోపుడు బండి మీద బయటికి తెండి. తప్పక దిగాల్సి వస్తే చక్రాల దారి పొడుగునా ఎండు మట్టలు అడ్డంగా పరవండి, మొదళ్ళు ఒకసారి ఇటు ఒకసారి అటు. నిలువుగా పరిస్తే చక్రం కింద నుంచి జారి వెనక్కి ఎగిరిపోతాయి. కొబ్బరి డొక్కలు వేస్తే ఇంకా మంచి పట్టు.

దుంగల సంగతికి వస్తే, డెల్టాలో ట్రాక్టరు దొరకని ఊరు లేదు. దుంగలున్న రోజున ట్రక్కుతో సహా ట్రాక్టరు కిరాయికి పెట్టుకోండి, ఆ కిరాయి పార్టీ బిల్లులో విడిగా రాయండి. నెలలో రెండు రోజుల బరువు కోసం ముప్పై రోజులూ పెద్ద బండి కిస్తీ కట్టడం నాకు నచ్చదు. మీకు కావాల్సింది ఏస్, దానికి తోడు ట్రాక్టరు ఉన్నవాళ్ళ ఫోన్ నంబరు.

పంటు గురించి ఎవరూ చెప్పలేదు. పాటు మీద నీళ్ళు తీసినప్పుడు ర్యాంపు ఏటవాలు పెరుగుతుంది. నిచ్చెన వెనక్కి నాలుగడుగులు పొడుచుకొచ్చి ఉంటే ఎక్కేటప్పుడు దాని చివర నేలకి తగిలి వంగిపోతుంది. 20 అడుగుల నిచ్చెన ముడిస్తే 11, 12 అడుగులు ఉంటుంది. క్యాబిన్ మీదుగా రాక్ కట్టించి ముందుకి జరపండి. ఏస్‌కైతే ఆ రాక్ తప్పనిసరి.

ఆర్సీబుక్కు:

నలుగురన్నారు, మరి ఆ నలుగురూ ఎక్కడ కూర్చుంటారో ఎవరూ అడగలేదు. ఏస్ క్యాబిన్‌లో డ్రైవరు కాక ఒక్కరు. పికప్‌లో మహా అయితే ఇద్దరు. వెనక ట్రేలో కొమ్మల మీద కూర్చోబెట్టి తీసుకెళ్తే అది నేరం, పైగా ఏదైనా అయితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు పట్టుకునేది ఆ పాయింటే. డబుల్ క్యాబిన్ బొలెరో క్యాంపరులో ఐదుగురు పడతారు, ఫోర్ వీల్ డ్రైవ్ కూడా దొరుకుతుంది, కాకపోతే పేలోడ్ టన్ను దగ్గర ఆగిపోతుంది, ట్రే పొట్టిది. చెత్త మోసే పనికి అది తక్కువ. బండి ఒకటి, మోటారు సైకిలు ఒకటి చాలు. పాలసీ రాయించేటప్పుడు డ్రైవరుకీ, మీతో పనిచేసేవాళ్ళకీ అదనపు ప్రీమియం కట్టి కవరు రాయించండి, అడగకపోతే ఏజెంటు రాయడు.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. ఆర్సీలో జీవీడబ్ల్యూ గడి చూడండి, అంటే లోడుతో కలిపి బండి మొత్తం బరువు. 3000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌లోనే ఆ మినహాయింపు ఉంది. 1.7 టన్నుల పికప్ ఆ గీత దాటుతుంది, దాన్ని వద్దనడానికి ఇదో కారణం. ఎల్‌ఎంవీ (లైట్ మోటారు వెహికల్) లైసెన్సు ఉన్నవాళ్ళు 7500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది, కాబట్టి విడిగా బ్యాడ్జి గొడవ లేదు. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా.

ఓవర్‌లోడుకి 2019 సవరణ తర్వాత చట్టంలో 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. కొమ్మలు పక్కలకో వెనక్కో ఎత్తుకో హద్దు దాటి పొడుచుకొస్తే దానికి వేరే 20,000 ఉంది. కొబ్బరి మట్ట 15 నుంచి 20 అడుగులు. దాన్ని మూడు ముక్కలు చేయకుండా ఎక్కించేవాళ్ళు బద్ధకానికి జరిమానా కట్టుకుంటున్నట్టే. జాలీ ఎత్తు పెంచే ముందు మీ వీధుల్లో కిందకి వేలాడే సర్వీసు తీగల ఎత్తు ఒకసారి చూసుకోండి. తీగల పక్క కొమ్మ కొట్టే పనైతే సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకి కరెంటు ఆపించడం) తీసుకున్నాకే చెట్టెక్కాలి, ఇది బండి ప్రశ్న కాకపోయినా చెప్పకుండా ఉండలేను.

చెట్టు మొదలంటా కొట్టే పని ఒప్పుకునే ముందు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి యజమాని చూసుకున్నాడో లేదో అడగండి. టేకు దుంగలు మీ బండిలో ఎక్కాయంటే అటవీ శాఖ ట్రాన్సిట్ పర్మిట్ లేకుండా కదలకూడదు. పట్టుబడితే దుంగలతో పాటు బండీ ఆగుతుంది.

షెడ్డుమేస్త్రి:

సెకండ్ హ్యాండ్ తీసుకోండి, తప్పులేదు. కానీ మన వైపు అమ్మకానికి వచ్చే పికప్పుల్లో చేపలు, రొయ్యలు తోలినవి చాలా ఉంటాయి. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ట్రే సందుల్లోంచి ఛాసిస్ మీదకి కారీ కారీ లోపల్నుంచి తినేస్తాయి. పైన కొత్త పెయింటు, ట్రేలో కొత్త రబ్బరు మ్యాట్ చూసి మురిసిపోకండి, ఆ మ్యాటే ముందు ఎత్తించండి. బండి కిందకి దూరి, క్యాబిన్ వెనక అడ్డ పట్టీ, కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) వేలాడే బ్రాకెట్లు, వెనక ఇరుసు పైన ఛాసిస్ వంపు, ఈ మూడు చోట్లా చిన్న సుత్తితో కొట్టి వినండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది డబ్‌మంటుంది, పొర రాలుతుంది. అక్కడే స్క్రూడ్రైవరు మొనతో పొడవండి. బ్రేకు పైపులు వేలితో తడిమితే గరుకుగా, ఉబ్బుగా తగిలితే పైపులు మార్చే ఖర్చు ధరలో కోయండి. వైరింగ్ కనెక్టరు ఒకటి ఊడదీసి చూడండి, పచ్చటి చిలుము పట్టి ఉంటే ఆ బండి జోలికే పోవద్దు. కరెంటు జబ్బు ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట లేస్తుంది.

రెండో రకం ఇసుక తోలిన బండ్లు. కమాను పట్టీలు రెండు వైపులా లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినదానికి మించి అదనపు పట్టీ వేసి ఉంటే ఓవర్‌లోడు తోలారని చేతికిచ్చిన సాక్ష్యం. పట్టీ పెంచితే బండి వెనక కూర్చోదు, అంతే. ఆ బరువు పోయి ఇరుసు బేరింగుల మీదా ఛాసిస్ మీదా పడుతుంది. కమాను సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిన బండిని పట్టుకోవడానికి ఒక చిట్కా. రోడ్డు మీద నీళ్ళు నిలిచిన చోట దాటించి, నిటారుగా ఇంకో ఇరవై గజాలు పోనిచ్చి, దిగి టైరు ముద్రలు చూడండి. ముందు ముద్ర నుంచి వెనక ముద్ర కుడివైపు ఎంత జరిగి ఉందో ఎడమవైపూ అంతే లోపలికో బయటికో ఉండాలి. రెండూ ఒకే పక్కకి జరిగితే బండి పీతలా నడుస్తోందన్నమాట.

కిరాణా ఏజెన్సీలకి తిరిగిన బండి దొరికితే అది మంచిది. కిలోమీటర్లు ఎక్కువున్నా బరువు ఒక లెక్కలో మోసి ఉంటుంది. ఫైనాన్సు తీరితే ఆర్సీలో హైపోతికేషన్ కొట్టేయించాకే మిగతా డబ్బులివ్వండి, ఈ-చలానాలు ఆన్‌లైన్‌లో చూసుకోండి.

ఇంకోటి. తుపాను తర్వాత రోడ్డు మీద పడ్డ మానుని పికప్ వెనక కొక్కేనికి కట్టి లాగుతారు చూశారూ, మీరు ఆ పని చేయకండి. క్లచ్ ప్లేటు కాలడం చిన్న నష్టం. ఛాసిస్ చివర వంగితే వెనక డోరు ఇక మూయబడదు. ముక్కలుగా కోసి దొర్లించండి, లేదా చైన్ పుల్లీ బలమైన చెట్టు మొదటికి కట్టి లాగండి.

పచ్చమట్ట:

చాలా థ్యాంక్స్ అండి. పది పనుల్లో ఆరేడు టౌనువే అవుతాయి, కాబట్టి 1300 కిలోల తరగతిలో సెకండ్ హ్యాండ్ వెతుకుతాం. బోదె పలకలున్న వీధులకి తోపుడు బండి చేయిస్తాం. టిప్పరు సంగతి ఎవరూ చెప్పలేదు. నిండా కొమ్మలు తొక్కాక దించడానికి ఇద్దరికి ముప్పావు గంట పడుతుందంటున్నారు, నిజమేనా?

బరకం:

చేత్తో లాగితే నిజమే. ఆకు కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని పీచులా పట్టేస్తాయి, అడుగుది రాదు, పైది తెగదు. అలాగని టిప్పరు పెట్టిస్తే జాకీ, పంపు, సబ్‌ఫ్రేము కలిసి 150 నుంచి 200 కిలోలు మీ 900లోంచి తినేస్తాయి. రోజుకి మూడు ట్రిప్పులు దాటితే అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా కొత్తగా పెట్టించేకంటే ఆర్సీలో టిప్పరుగానే రాసున్న బండి వెతకడం మేలు, తర్వాత బాడీ మారిస్తే ఆర్సీలో ఎక్కించుకునే పని మళ్ళీ ఉంటుంది.

ఈలోగా ఇలా చేయండి. లోడు వేయకముందే ట్రేలో మందపాటి బరకం పరవండి. దాని మీద క్యాబిన్ గోడకి ఆనించి రెండు మూడంగుళాల గొట్టం ఒకటి అడ్డంగా పెట్టండి, ట్రే వెడల్పుకి నాలుగంగుళాలు తక్కువ ఉండాలి. గొట్టం రెండు చివర్లకీ రెండు తాళ్ళు కట్టి, ట్రే అడుగునే రెండు పక్కలా వెనక డోరు దాకా తెచ్చి బయటికి వేలాడదీయండి. ఇప్పుడు కొమ్మలు వేయండి, మొదళ్ళు క్యాబిన్ వైపు, ఆకు వెనక్కి. దించే చోట డోరు పూర్తిగా దించి, రెండు తాళ్ళూ కలిపి గట్టి చెట్టు మొదటికి, ట్రే ఎత్తుకి మించకుండా కట్టి, బండిని ఫస్టు గేరులో మెల్లగా ముందుకి పోనివ్వండి. గొట్టం లోడునంతా వెనక నుంచి నెట్టినట్టు నెట్టేస్తుంది, కుప్ప కుప్పలాగే దిగుతుంది. ఐదు నిమిషాల పని.

ఇందులో మూడు చోట్ల దెబ్బ తింటారు. నైలాన్ తాడు వాడితే అది సాగి, తెగినప్పుడు కొరడాలా వెనక్కి కొడుతుంది. పాలిస్టరు తాడో గొలుసో వాడండి, లాగేటప్పుడు తాడుకి దగ్గర్లో మనిషి ఉండకూడదు. రెండోది, దుంగలున్న లోడుకి ఈ పద్ధతి వద్దు, ముక్క దొర్లి ఎటు పోతుందో చెప్పలేం. మూడోది, జాలీ వెనక వైపు ఇరుకై ముందు వెడల్పుగా ఉంటే లోడు బిరడాలా ఇరుక్కుంటుంది. షెడ్డులో జాలీ కట్టించేటప్పుడే వెనక ఒక అంగుళమైనా వెడల్పు ఎక్కువ పెట్టించండి. ఊచలు లోపలి వైపు నున్నగా ఉండాలి, అడ్డ ఊచలన్నీ బయటి వైపు వెల్డింగు చేయమనండి, లేకపోతే ప్రతి కొమ్మా ఒక్కో ఊచకి తగులుకుంటుంది.

పుచ్చిన కొబ్బరి మొండేలు మాత్రం ఎక్కడపడితే అక్కడ దించకండి. కొమ్ము పురుగు కుళ్ళిన మానులో గుడ్లు పెడుతుంది, పక్క తోటవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టైతే తల భాగం చీల్చి అక్కడికక్కడే కాల్పించేయండి, బండిలో ఊరూరా తిప్పొద్దు.

పచ్చమట్ట:

బరకం, గొట్టం బాగుందండి. చివరిగా ఒకటి, పెట్రోలు డబ్బా, తాళ్ళు, రంపాలు ఒకే పెట్టెలో పెట్టొచ్చా?

షెడ్డుమేస్త్రి:

వద్దండి. క్యాబిన్ వెనక అడ్డంగా ట్రే వెడల్పుకి ఇనప పెట్టె ఒకటి చేయించి మధ్యలో రేకుతో రెండు గదులు చేయించండి. ఒకవైపు తాళ్ళు, బెల్టులు, రెండో వైపు రంపాలు, చైన్ ఆయిలు, 5 లీటర్ల డబ్బా. తాడుకి ఆయిలు పట్టిందంటే ముడి జారుతుంది, మట్టి అంటుకుని లోపల పోగు కోసుకుపోతుంది. పెట్రోలు గది అడుగున నాలుగు బెజ్జాలు ఉండాలి, ఆవిరి అక్కడ నిలవకూడదు. ఈ20 పెట్రోలు తేమ లాగుతుంది, టూ-టీ ఆయిలు కలిపింది నెల దాటితే రంపంలో పొయ్యకండి. 50:1 రంపానికైతే లీటరుకి 20 మిల్లీలీటర్లు, వారానికి సరిపడా కలుపుకుంటే చాలు. పెట్టె తలుపు పైకి కాకుండా పక్కకి తెరుచుకునేలా పెట్టించండి, పైన కొమ్మలు పడితే మళ్ళీ రంపం తీయడానికి లోడంతా దించాలి.